సోపతి బదిలీలు

మా బడిలో స్నేహం జూలై రెండో వారంలో ప్రారంభమైంది. అంతకు ముందు లేదు. పిల్లలు ఊరికే భుజాల మీద చేతులు వేసుకుని తిరిగేవారు, ఒకరి స్కేలు ఒకరు విరగ్గొట్టేవారు, మధ్యాహ్నం కొట్టుకుని సాయంత్రం కలిసి ఇంటికి పోయేవారు. దాన్నే మేము పొరపాటున స్నేహం అనుకుంటూ వచ్చాం. అదంతా అనధికారికమని ఉత్తర్వు వచ్చాక గాని మాకు తెలియలేదు.

ఉత్తర్వుకు కారణం లేకపోలేదు. రాజధానిలో ఒక పెద్ద హోటల్లో సదస్సు జరిగింది. టీనేజి పిల్లలు పొద్దస్తమానం ఫోన్లలో పడి, వందలమంది ఫాలోయర్లు ఉండి కూడా లోపల ఒంటరిగా ఉన్నారని ఒక నిపుణుడు తెర మీద బొమ్మలు వేసి చూపించాడట. చివరి బొమ్మలో ఒక పిల్లవాడు దుప్పటి ముసుగులో ఫోను పట్టుకుని కూర్చున్నాడట. అది చూసి మా శాఖ పెద్దలకు కళ్ళు చెమర్చాయి. భోజనాలయ్యాక కూడా ఆ బాధ తగ్గకపోవడంతో ఏదో ఒకటి చేసి తీరాలనుకున్నారు. ఫోను తెచ్చిన రోగానికి మందేమిటని బాగా ఆలోచించి, ఒక యాప్ తయారు చేయించారు.

దాని పేరు 'సోపతి', అంటే మా వైపు స్నేహం. అందులో ప్రతి విద్యార్థికీ కనీసం ఐదుగురు మిత్రులు నమోదై ఉండాలి. ఆ మిత్రులతో కలిసి నవ్వుతున్న ఫొటోను రోజూ మొదటి పీరియడు ముగిసేలోగా ఎక్కించాలి. ఐదుగురూ ఉన్న విద్యార్థి యాప్‌లో పచ్చగా కనిపిస్తాడు, తక్కువైతే ఎర్రగా. బడిలో పిల్లలకు ఫోను నిషేధం కాబట్టి, ఈ పనంతా ఫోనుతో చేసే భాగ్యం ఉపాధ్యాయులకు దక్కింది.

మా తంగెళ్ళగూడ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. స్నేహం సాంఘికశాస్త్రం కిందికే వస్తుందని మా ప్రధానోపాధ్యాయురాలు వకుళాదేవి మేడం తేల్చి, నన్ను నోడల్ ఆఫీసరును చేశారు. అప్పటికే నేను మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్ల ఫొటోకు, మరుగుదొడ్ల ఫొటోకు, నాటిన మొక్కల ఫొటోకు నోడల్ ఆఫీసర్ని. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదేనని నేను గొణిగితే మేడం ఓదార్చారు.

"గుడ్డు కంటె ఇది నయం గద సార్. గుడ్డు నవ్వదు."

పిల్లలూ నవ్వలేదు. నవ్వమంటే నవ్వు వస్తుందా? పైగా యాప్ మహా గట్టిది. పళ్ళు కనపడకపోతే అది స్నేహం కాదని ఫొటో వెనక్కి కొట్టేది. పళ్ళు మరీ ఎక్కువ కనపడితే ముఖం గుర్తించలేదని కొట్టేది. వారం రోజుల్లో మా పిల్లలు సరిగ్గా ఎన్ని పళ్ళు చూపిస్తే స్నేహం ఆమోదం పొందుతుందో నేర్చుకున్నారు. నేను ఫోను ఎత్తగానే అందరూ ఒకేసారి ఆ పళ్ళు బయటపెట్టి, దించగానే లోపల పెట్టుకునేవారు. పాఠం చెప్పే తీరిక మాత్రం నాకు లేకుండా పోయింది.

నెల తిరిగేసరికి అసలు చిక్కు బయటపడింది. పదో తరగతిలో దేవ్‌చరణ్ అని ఒక పిల్లవాడున్నాడు. వాడు తండ్రి ట్రాక్టరు మీద నిలబడి గంతులేస్తూ రీల్స్ చేస్తాడు, వాడికి మండలమంతా ఫాలోయర్లే. మిత్రుల పేర్లు చెప్పమంటే బడిలో సగం మంది వాడి పేరే చెప్పారు. యాప్‌లో వాడు పచ్చదనం దాటి మెరవడం మొదలుపెట్టాడు.

ఇంకో చివర తొమ్మిదో తరగతిలో ఇద్దరు ఆడపిల్లలు ఎర్రగా మిగిలారు. లహరిక, ఫర్హీన్. లహరిక మిత్రుల పేర్లలో ఫర్హీన్ ఒక్కతే ఉంది. ఫర్హీన్ పేర్లలో లహరిక ఒక్కతే. ఒకటో తరగతిలో పక్కపక్కన కూర్చున్నారు, ఎనిమిదేళ్ళయినా ఇంకా లేవలేదు. ఫర్హీన్ గలగలా మాట్లాడుతుంది. లహరిక మాట్లాడదు. టీచరు అడిగితే సమాధానం కూడా ఫర్హీన్ చెవిలో చెబుతుంది, ఫర్హీన్ లేచి అది మాకు చెబుతుంది. ఆరో తరగతిలో మా బడికి వచ్చినప్పటి నుంచి ఈ పద్ధతికి మేమంతా అలవాటు పడిపోయాం.

"ఇంకో నలుగురి పేర్లు చెప్పుండ్రమ్మా, ఎవరివైనా సరే" అని బతిమాలాను.

"అబద్ధం ఎందుకు చెప్పాలె సార్?" అంది ఫర్హీన్.

లహరిక ఫర్హీన్ చెవిలో ఏదో చెప్పింది.

"మీరు చెప్పుమంటే మీ పేరు చెప్తదంట సార్" అంది ఫర్హీన్.

ఉపాధ్యాయులను మిత్రులుగా నమోదు చేసే వీలు యాప్‌లో లేదు. అది తెలిసి నేను నిజంగానే కొంచెం బాధపడ్డాను.

ఈ పథకానికి జిల్లా సమన్వయాధికారి డాక్టర్ పరాంకుశం గారు. ఆయన రోజూ సాయంత్రం టెలికాన్ఫరెన్స్ పెట్టేవారు. ఆ రోజు మా బడి వంతు వచ్చింది. నేను, మేడం ఒక ఫోను మధ్యలో పెట్టుకుని చెరోవైపు నిలబడ్డాం. ఆయన మమ్మల్ని చూడలేరని తెలిసినా మేడం అధికారి గొంతు వింటే కూర్చోలేరు.

"మీ పాఠశాలలో స్నేహం అసమానంగా పంపిణీ అయి ఉన్నది" అన్నారు పరాంకుశం గారు. "ఒక విద్యార్థి వద్ద గుట్టలుగా పోగుపడి ఉన్నది. మరో ఇద్దరి వద్ద తీవ్రమైన కొరత ఉన్నది. స్నేహం ఒక జాతీయ వనరు. దీనిని క్షేత్రస్థాయిలో హేతుబద్ధీకరించవలసిన ఆవశ్యకత ఉన్నదా, లేదా?"

"ఉన్నది సార్" అన్నారు మేడం.

"మార్గదర్శకాలు రేపటికల్లా జారీ అవుతాయి. శతశాతం సాధించాలి. ఎరుపు కనిపిస్తే మెమో కనిపిస్తుంది."

ఒక్క రాత్రిలో మార్గదర్శకాలు ఎక్కడినుంచి వస్తాయి? వచ్చాయి. చదవగానే మా ఇంటి గిన్నెను పక్కింట్లో చూసినట్టు గుర్తుపట్టాం. అవి మా బదిలీల మార్గదర్శకాలే. ఉపాధ్యాయుడు అని ఉన్నచోటల్లా మిత్రుడు అని మార్చారు, అంతే. మా శాఖలో మనుషులను ఒకచోట నుంచి ఇంకోచోటికి జరపడానికి తెలిసిన పద్ధతి అదొక్కటే, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు! మిగులు మిత్రులను గుర్తించాలి. ఐదుగురి లెక్క రద్దు, ఇకనుంచి బడి సగటు కంటె ఎక్కువైతే పచ్చ, తక్కువైతే ఎరుపు. సగటు కంటె తక్కువ స్నేహం ఉన్న విద్యార్థిని కొరత కింద లెక్కగట్టి, మిగులు మిత్రులను అక్కడికి డిప్యుటేషన్ మీద పంపాలి. మండలమంతా ఒకే యూనిట్. అన్నిటికంటె కింద, చిన్న అక్షరాల్లో, మాలో ప్రతి ఒక్కరి గుండెలోనూ ఎప్పుడో ఒకప్పుడు రాయి వేసిన నిబంధన ఉంది. ఒకేచోట ఎనిమిదేళ్ళు పూర్తి చేసిన మిత్రునికి బదిలీ తప్పనిసరి. దీర్ఘకాలం ఒకేచోట కొనసాగడం వల్ల స్వప్రయోజనాలు పెరిగే అవకాశమున్నదని కారణం కూడా రాశారు.

ఆ నిబంధన కింద మా బడిలో ఇద్దరే వచ్చారు. ఎవరో చెప్పనక్కరలేదు.

ముందుగా డిప్యుటేషన్లు మొదలయ్యాయి. మిగులుగా తేలిన దేవ్‌చరణ్‌ను ఎనిమిదో తరగతిలో, ఐదు పేర్లున్నా సగటుకు తగ్గిన ఓంకార్ అనే పిల్లవాడికి మిత్రుడిగా వేశారు. వాడు పొద్దున్నే పదో తరగతిలో రిలీవ్ అయి, ఎనిమిదో తరగతి గడపలో జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, ఓంకార్ పక్కన కూర్చునేవాడు. ఓంకార్‌కు లెక్కలంటే ప్రాణం. ఒంటరిగా మూల బెంచీ మీద కూర్చుని లెక్కలు చేసుకుంటే వాడికి స్వర్గం కనపడుతుంది. రెండో రోజే నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఈయనను తీసేయుండ్రి సార్. పక్కన కూసొని ఊకె బాగున్నవా, బాగున్నవా అంటుండు. లెక్క తప్పుతున్నది."

"వాడు నీ మిత్రుడురా" అన్నాను.

"ఎప్పటిదాంక సార్?"

"విద్యాసంవత్సరం పూర్తయ్యేదాకా."

వాడు తల పట్టుకుని పోయాడు. వెనకాలే దేవ్‌చరణ్ వచ్చాడు. మొదట్లో వాడికి ఈ కొలువు గొప్పగా ఉండేది. ఇప్పుడు ముఖం పీక్కుపోయింది.

"పొద్దుగాల వానితోని, మధ్యానం ఏడో తరగతిల ఇంకో ఇద్దరితోని, పొద్దుమీకి గేటుకాడ ఆరో తరగతోనితోని. నా దోస్తుగాళ్ళతోని మాట్లాడక వారమైంది సార్. అందరికి దోస్తునైన గని నాకే దోస్తు లేకపాయె."

వాడు ఏడవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం యాప్‌లో వాడు ఎప్పటికన్నా పచ్చగా ఉన్నాడు.

తర్వాత తప్పనిసరి బదిలీల కౌన్సెలింగు. దీనికి పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. మా బడి హాల్లో బల్ల వేసి, దాని మీద నీలం గుడ్డ పరిచి, వెనక బ్యానరు కట్టాం. మండలంలో స్నేహానికి ఉన్న ఖాళీలన్నీ తెర మీద పడ్డాయి. దేవునిబండ బాలికల పాఠశాలలో ఒకటి ఉంది. అది మాకు రెండు బస్సుల దూరం. ఎనిమిదేళ్ళు నిండిన జంటలో వయసులో పెద్దది కదలాలి, చిన్నది అక్కడే ఉండి కొత్త మిత్రుల కోసం వేచి ఉండాలి అని రూలు. ఫర్హీన్ రెండు నెలలు పెద్ద.

మా తోటి ఉపాధ్యాయులకు ఆ హాలు చూడగానే పూనకం వచ్చింది. జీవితమంతా కౌన్సెలింగుల్లో నలిగినవాళ్ళు కదా! మా హిందీ సారు ఫర్హీన్‌ను పక్కకు పిలిచి, పెళ్ళయినవాళ్ళకిచ్చే స్పౌజ్ పాయింట్లు ఏమైనా ఉన్నాయేమో చూసుకోమన్నాడు. ఆ పిల్ల తెల్లబోయి చూస్తే నాలిక కరుచుకున్నాడు. చివరికి మినహాయింపుల నిబంధన ఒకటి దొరికింది. స్నేహం ప్రత్యేక తీవ్రత కలదని మౌఖిక పరీక్షలో నిరూపిస్తే బదిలీ ఆపవచ్చు. నా ప్రాణం లేచి వచ్చింది. ఈ పరీక్షలో వీళ్ళు నెగ్గకపోతే ఇంకెవరు నెగ్గుతారు?

లహరికను హాలు బయట కూర్చోబెట్టి, ఫర్హీన్‌ను పరాంకుశం గారి ఎదుట నిలబెట్టారు.

"నీ మిత్రురాలి అభిమాన వర్ణం ఏమిటి?"

"అంటె సార్?"

"ఇష్టమైన రంగు."

ఫర్హీన్ చాలాసేపు ఆలోచించింది. "తెల్వది సార్. గసొంటియి మేమెన్నడు మాట్లాడుకోలే."

"ఆమె జీవితాశయం?"

"ఆమెకే తెల్వది సార్, నాకేం తెలుస్తది?"

"ఆమెలో నీకు నచ్చిన మూడు సద్గుణాలు చెప్పు."

"సద్గుణాలా?" అని ఫర్హీన్ తలుపు వైపు చూసింది. తలుపు సందులోంచి లహరిక కన్ను ఒకటి కనపడుతోంది. ఆ కన్ను చూసి ఫర్హీన్‌కు నవ్వొచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కుంది. బయట లహరిక కిసుక్కుమంది. అంతే, ఇద్దరూ తలుపుకు చెరోవైపు నిలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా, పొట్ట పట్టుకుని నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని పరాంకుశం గారు గద్దించారు. వాళ్ళకూ తెలియదు. నేను చప్పున ఫోను తీసి ఆ నవ్వును ఫొటో తీశాను. పళ్ళు పరిమితికి మించి కనపడుతున్నాయని యాప్ వెనక్కి కొట్టింది.

వాళ్ళ తర్వాత ఓంకార్, దేవ్‌చరణ్ వంతు వచ్చింది, డిప్యుటేషన్ స్నేహం ఎలా నడుస్తోందో చూడటానికి. వాళ్ళు అన్ని ప్రశ్నలకూ గడగడా చెప్పారు. నలభై మార్కులకు నలభై. ముందురోజు కూర్చోబెట్టి నేనే బట్టీ పట్టించాను, మెమోకు భయపడి.

పరాంకుశం గారు తీర్పు చదివారు. "ఫర్హీన్, లహరికల మధ్య ఎనిమిదేళ్ళలో చెప్పుకోదగిన సమాచార మార్పిడి జరిగిన దాఖలాలు లేవు. విచారణ సమయంలో అకారణ హాస్యం ప్రదర్శించినారు. మినహాయింపు తిరస్కరించడమైనది. ఫర్హీన్ సోమవారం దేవునిబండలో జాయిన్ కావలెను."

"సార్, అక్కడ నాకెవరు తెల్వది గద సార్" అంది ఫర్హీన్.

"అందుకే అమ్మా పంపుతున్నది. తెలిస్తే ఖాళీ ఎందుకు ఉంటుంది?"

పిల్లలు వెళ్ళిపోయాక నేను స్టాఫ్ రూములో ఒక్కణ్ణే కూర్చున్నాను. తలుపు దగ్గర ఎవరో నిలబడినట్టు అనిపించి చూస్తే లహరిక. పక్కన ఫర్హీన్ లేదు. ఆ పిల్లను ఒంటరిగా చూడడం నాకదే మొదటిసారి. ఏం కావాలని అడిగాను. అలవాటు కొద్దీ పక్కకు తిరిగింది, చెవి లేదు. కాసేపు గోడను చూసింది.

"సార్" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కొంచెం బొంగురుగా ఉంది. "నాకు మాట్లాడొస్తది సార్. మాట్లాడితె అందరు నా మొఖం దిక్కు చూస్తరు. ఫర్హీన్ చూడది. అది కిటికిల నుంచి బయటికి చూసుకుంట ఇంటది. గందుకే దానితోని మాట్లాడుత."

నేను కిటికీ వైపు తిరిగాను.

"అది పోతె నేను బడికి రాను సార్. అమ్మతోని పత్తి ఏరపోత" అని చెప్పి, లహరిక వెళ్ళిపోయింది.

ఒంటరితనాన్ని నిర్మూలించే పథకం మా బడిలో మొదటి ఒంటరి పిల్లను తయారు చేసింది. తయారు చేసిన నోడల్ ఆఫీసర్ని నేను. తిన్నగా మేడం గదికి వెళ్ళి, ఈ బదిలీ ఆపాల్సిందేనని బల్ల గుద్దాను. బల్ల మీది గంట కింద పడింది.

మేడం గంట తీసి మళ్ళీ బల్ల మీద పెట్టారు. ఆమె మెమో అంటే వణుకుతారు గాని, బదిలీల విషయంలో ఆమెను మించిన పండితురాలు మా మండలంలో లేదు. ఈ బడిలో ఇన్నేళ్ళుగా ఉన్నారంటే ఊరికే ఉన్నారా?

"సార్, బదిలీని ఎదిరిస్తె ఆగదు" అన్నారు మెల్లగా. "పోస్టు ఉంటేనే బదిలీ. పోస్టే రద్దయితే మనిషిని కదిలించే రూలు ఏడలేదు. నేను రెండుసార్లు అట్లనే మిగిలిన."

"అంటే వాళ్ళిద్దరూ స్నేహం మానుకోవాలా మేడం?"

"యాప్‌ల మానుకుంటె చాలు గద."

"అప్పుడు కొరత కిందికి వస్తారు. బడి సగటు కంటె తక్కువవుతారు. వాళ్ళ మీదికి ఎవరినో డిప్యుటేషన్ వేస్తారు."

మేడం కళ్ళజోడు సర్దుకుని, మార్గదర్శకాలు మరోసారి చదివి, నా ముఖం చూశారు. "సగటు ఎంతుండాలెనో ఇందుల రాయలేదు సార్" అన్నారు. అని, తనకు తలనొప్పిగా ఉందని, తనేమీ అనలేదని, నేనేమీ వినలేదని చెప్పి ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు శనివారం. పదో తరగతిలో పౌరశాస్త్రం పీరియడు. నేను పాఠంలో లేని సంగతి ఒక్కటీ చెప్పలేదని ప్రమాణం చేసి చెప్పగలను. సగటు అంటే ఏమిటో చెప్పాను. అది లెక్కల పాఠంలో ఉంది. సంఘం నుంచి వైదొలగడం పౌరుల హక్కు అని చెప్పాను. 'సోపతి' యాప్‌లో అనుబంధ విరమణ అని ఒక మీట ఉందని, దాన్ని పిల్లలు వాడుకలో కటీఫ్ అంటారని ఉదాహరణగా చెప్పాను. అందరికీ సున్నా ఉన్నచోట ఎవరూ సగటు కంటె తక్కువ కారని బోర్డు మీద రాశాను. సోమవారం ఫర్హీన్ దేవునిబండకు పోతుందని, లహరిక బడి మానేస్తుందని మాత్రం పాఠానికి సంబంధం లేకుండా అన్నాను.

చివరి బెంచీలో దేవ్‌చరణ్ లేచి నిలబడ్డాడు.

"సార్, అందరం కటీఫ్ చెప్తె నా డ్యూటీలు గూడ పోతయా?"

"మిత్రుడివే కానప్పుడు డ్యూటీ ఎక్కడిదిరా?"

వాడి ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. గంట కొట్టేలోగా ఆ వార్త ఆరో తరగతి దాకా పాకింది. రీల్స్‌కు ఫాలోయర్లను కూడగట్టడం నేర్చినవాడికి ఇది ఎంత పని? మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి స్టాఫ్ రూము ముందు లైను కట్టారు. లైను వరండా దాటి, మెట్లు దిగి, పంపు దాకా పోయింది. ఓంకార్ అందరికన్నా ముందు నిలబడ్డాడు.

ఒక్కొక్క జంట నా ముందుకొచ్చి చిటికెన వేళ్ళు కలిపి, విడదీసి, "కటీఫ్!" అనేవారు. నేను మీట నొక్కేవాణ్ణి. మీట నొక్కితే యాప్ కారణం అడుగుతుంది, ఆ కారణాలు కూడా వాళ్ళే చెప్పారు.

"వీని మొఖం నాకు నచ్చలే సార్."

"ఇది నా పెన్ను తీస్కున్నది సార్, మూడో తరగతిల."

"వీడు మంచోడు సార్. అందుకే."

చెప్పేసి, మళ్ళీ భుజాల మీద చేతులు వేసుకుని, పడీ పడీ నవ్వుకుంటూ గ్రౌండులోకి పరుగెత్తేవారు. దేవ్‌చరణ్ వంతు చాలాసేపు పట్టింది. వాడితో కటీఫ్ చెప్పడానికి సగం బడి వచ్చింది కదా. ప్రతి ఒక్కరూ చిటికెన వేలు విడదీశాక వాణ్ణి ఒకసారి కావలించుకుని పోయారు. ఓంకార్ కూడా ఒక్క క్షణం తటపటాయించి కావలించుకున్నాడు. "లెక్కలు రాకపోతె అడుగు అన్నా" అన్నాడు.

అందరికంటె చివర లహరిక, ఫర్హీన్ వచ్చారు. అప్పటికి ఫోను బాగా వేడెక్కింది. చిటికెన వేళ్ళు కలిపారు. విడదీయడానికి ఇద్దరికీ మనసొప్పలేదు.

"ఉత్తుత్తిదే సార్?" అంది ఫర్హీన్.

"అధికారికం" అన్నాను. "అంటే ఉత్తుత్తిదే."

లహరిక మొదట వేలు తీసింది. ఫర్హీన్ చెవిలో ఏదో చెప్పింది. ఫర్హీన్ గట్టిగా నవ్వింది గాని, ఏం చెప్పిందో మాత్రం నాకు చెప్పలేదు. నేను మీట నొక్కాను. తంగెళ్ళగూడ ఉన్నత పాఠశాలలో స్నేహం పూర్తిగా అంతరించింది.

సోమవారం పొద్దున్నే పరాంకుశం గారి కారు గేటు ముందు ఆగింది. ఆయన ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో చెమట తుడుచుకునే రుమాలు పట్టుకుని దిగారు. మా బడి డ్యాష్‌బోర్డు మీద తెల్లకాగితంలా మెరుస్తోంది. పచ్చ లేదు, ఎరుపు లేదు.

"ఏమిటిది?" అన్నారు. "జిల్లాలోనే కాదు, రాష్ట్రంలో ఎక్కడా ఇటువంటి పరిస్థితి ఉత్పన్నం కాలేదు!"

మేడం లేచి నిలబడ్డారు. "ఎరుపు ఉన్నదా సార్?"

ఆయన ఫోనును దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టుకుని చూశారు. "లేదు."

"సగటు కంటె తక్కువ ఉన్న విద్యార్థి ఒక్కరైన ఉన్నరా సార్?"

"సగటు సున్నా. తక్కువ ఎవరూ లేరు."

"కొరత?"

"నిల్."

"మిగులు?"

"నిల్." పరాంకుశం గారు కుర్చీలో కూర్చున్నారు. ఆయన కూడా ఒక పై అధికారికి రోజూ జవాబు చెప్పుకోవాల్సిన మనిషే. చూస్తుండగానే ముఖంలో రంగు తిరిగింది. "అంటే ఈ పాఠశాల నూరుశాతం ఒంటరితన రహితం అయినదన్నమాట. స్నేహ అసమానతలను సంపూర్ణంగా నిర్మూలించిన తొలి పాఠశాల! దీనిని ఇతర పాఠశాలలు ఆదర్శంగా తీసుకోవలసిన ఆవశ్యకత ఉన్నదా, లేదా?"

"ఉన్నది సార్" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"మరి ఈ దేవునిబండ బదిలీ?" అన్నాను నేను.

"మిత్రుడు అనే హోదా రద్దయిన పిమ్మట బదిలీ ఉత్తర్వు దానంతటదే చెల్లకుండా పోతుంది. ఆ మాత్రం రూల్స్ తెలియవా మీకు?" అని నన్ను కోప్పడ్డారు. నేను తిట్లు ఇంత సంతోషంగా ఎప్పుడూ తినలేదు.

టీ తాగాక, మాదిరి పాఠశాలను పరిశీలించాలని ఆయన బయలుదేరారు. ఇంటర్వెల్ సమయం. గ్రౌండులో ఒకరికొకరు ఏమీ కాని పిల్లలు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు. దేవ్‌చరణ్‌ను తన క్లాసు వాళ్ళంతా గాల్లోకి ఎగరేసి పట్టుకుంటున్నారు. పరాంకుశం గారు అదంతా తృప్తిగా చూసుకుంటూ వరండా చివరికి వచ్చారు.

అక్కడ మెట్టు మీద లహరిక కూర్చుని ఉంది. వెనక పై మెట్టు మీద ఫర్హీన్ మోకాళ్ళ మధ్య ఆ పిల్ల తలను ఇరికించి, రిబ్బను పళ్ళతో పట్టుకుని జడ అల్లుతోంది. లహరిక ఎదురుగా ఉన్న గోడను చూస్తూ తగ్గు స్వరంతో ఏదో చెబుతూనే ఉంది. ఫర్హీన్ దూరంగా రోడ్డు వైపు చూస్తూ వింటోంది. మమ్మల్ని చూసి లహరిక మాట ఆపింది.

పరాంకుశం గారు ఆగారు. ఆయనకు ముఖాలు గుర్తుండవు, డ్యాష్‌బోర్డులే గుర్తుంటాయి.

"ఈ అమ్మాయి నీకేమవుతుందమ్మా?" అని అడిగారు ఫర్హీన్‌ను.

ఫర్హీన్ నా ముఖం చూసింది. నేను ఆకాశం చూశాను. ఆ పిల్ల నోట్లోంచి రిబ్బను తీసింది.

"ఏం గాదు సార్. ఎవరో."

"నీకో?" అని లహరికను అడిగారు.

జడ పాయలు ఇంకా ఫర్హీన్ చేతిలోనే ఉన్నాయి కాబట్టి లహరిక తల తిప్పలేకపోయింది. గోడకే జవాబు చెప్పింది. "నేను గూడ ఎన్నడు చూడలే సార్."

అధికారి ముందు ఆ పిల్ల తన గొంతుతో తను జవాబు చెప్పడం ఎనిమిదేళ్ళలో అదే మొదలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేడం దగ్గు నటించారు.

పరాంకుశం గారు ముచ్చటపడి మా వైపు తిరిగారు. "చూశారా! ఒకరికొకరు ఏమీ కారు. అయినా ఎంత సహకారం, ఎంత సామరస్యం! నాకొక ఆలోచన వస్తున్నది. ఈ ఇద్దరినీ ప్రయోగాత్మకంగా మిత్రులుగా నమోదు చేస్తే ఎలా ఉంటుందంటారు?"

"వద్దు సార్!" అని ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు.